వత్తి అయిపోయింది, మైనం అయిపోలేదు

(హైదరాబాద్‌లోని ఒక కాలనీ సమావేశ మందిరంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న వాళ్లకు వినిపిస్తోందా? సరే, మైక్ కొంచెం దగ్గరగా పెట్టుకుంటాను.

మాటల్లోకి వెళ్లే ముందు ఒక పని చేయాలి. ఈ గాజు జార్ చూడండి. దీపావళికి మా ఇంటికి బహుమతిగా వచ్చిన సువాసన కొవ్వొత్తి. నెల రోజులు సాయంత్రం పూట వెలిగించుకున్నాం. ఇప్పుడు అడుగున ఒక సెంటీమీటరు మైనం, మధ్యలో నల్లబడిన వత్తి మొన మిగిలాయి. గాజు ఒక్కసారిగా వేడెక్కితే పగులుతుంది కాబట్టి ఇందాకే దీన్ని గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నిలబెట్టాను. ఇప్పుడు ఈ ఫ్లాస్కులోంచి జార్‌లోకి వేడి నీళ్లు పోస్తున్నాను. ఇవి మరుగుతున్న నీళ్లు కావు. మరిగాక పది నిమిషాలు చల్లారనిచ్చి ఫ్లాస్కులో పోసుకొచ్చాను. ముప్పావు వంతు నిండింది. చాలు. చుట్టూ ఉన్న గిన్నెలో కూడా కొంచెం వేడి నీళ్లు పోస్తాను. దీన్ని ఇక్కడ బల్ల మీదే వదిలేద్దాం. పిల్లలూ, దగ్గరికొచ్చి చూడండి కానీ కదపకండి.

మీ ఇళ్లల్లో ఇలాంటి జార్లు ఎన్ని ఉన్నాయి? చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరి దగ్గరా ఉన్నాయి. గృహప్రవేశాలకి, పుట్టినరోజులకి, క్రిస్మస్‌కి ఇప్పుడు ఇవే ఇస్తున్నారు. అయిపోయాక జార్ బాగుంది కదా అని పారేయలేం, లోపల మైనం అంటుకుని ఉంది కాబట్టి వాడుకోలేం. అలమరలో ఒక మూలకి చేరతాయి. ఇల్లు సర్దే రోజున అన్నీ కలిపి చెత్తబుట్టలోకి పోతాయి. పదకొండేళ్లుగా ఇంట్లో కొవ్వొత్తులు పోస్తున్న మనిషిగా ఆ దృశ్యం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఎందుకంటే అక్కడ అయిపోయింది వత్తి. మైనం అయిపోలేదు.

అసలు అడుగున మైనం ఎందుకు మిగులుతుందో ముందు చెప్పాలి. తయారు చేసేవాళ్లే జార్ మీద రాస్తారు, అడుగున సెంటీమీటరో, ఒకటిన్నర సెంటీమీటర్లో మిగిలినప్పుడు ఆర్పేయమని. మంటకీ గాజుకీ మధ్య ఆ మైనమే అడ్డం. అది కూడా కాలిపోతే మంట వేడి నేరుగా గాజు అడుగుకి తగులుతుంది. గాజు పగలొచ్చు, కింద ఉన్న టీపాయ్ మాడొచ్చు. అందుకే చివరి వరకూ కాల్చి మైనం పూర్తి చేద్దామని ఎవరూ ప్రయత్నించకండి. ఆ మిగిలింది మన భద్రత కోసం ఉంచిన భాగం. దాని పని అయ్యాక తీసి వేరే పనికి వాడుకోవాలి.

కొంతమందికి అడుగునే కాదు, గోడల పొడుగునా మైనం మిగిలిపోతుంది. మధ్యలో బావిలా గుంట పడి వత్తి అందులో మునిగిపోతుంది. అది మొదటి రోజు వెలిగించిన తీరు వల్ల జరుగుతుంది. కొత్త జార్‌ని మొదటిసారి వెలిగించినప్పుడు పైన మైనమంతా అంచు దాకా కరిగేవరకు ఆర్పకూడదు. ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పు జార్‌కి దాదాపు మూడు గంటలు పడుతుంది. అరగంటకే ఆర్పేస్తే మధ్యలో చిన్న వలయం పడుతుంది, తర్వాత ఎన్నిసార్లు వెలిగించినా ఆ వలయంలోనే కరుగుతూ లోపలికి దిగిపోతుంది. అలాగని నాలుగు గంటలు మించి ఏకబిగిన వెలిగించకండి. వెలిగించే ముందు వత్తిని అర సెంటీమీటరు పొడవుకి కత్తిరించండి, మసి పట్టదు.

ఇప్పుడు మైనం సంగతి. మన భాషలో కొవ్వొత్తి అంటాం. కొవ్వు, వత్తి. జంతువుల కొవ్వుతో చేసిన కాలం ఆ పేరులో ఉండిపోయింది. ఇప్పుడు దొరికే వాటిలో ఎక్కువ భాగం పారఫిన్. అది ముడిచమురు శుద్ధి చేసేటప్పుడు వచ్చేది. అస్సాంలో 1901లో మొదలైన దిగ్బోయి రిఫైనరీ పేరు వినే ఉంటారు, అక్కడ మైనం కూడా తీస్తారు. జార్‌లలో సోయా మైనం కూడా చాలా వస్తోంది, సోయా నూనెను గట్టిపరిచి చేస్తారు. మూడోది తేనెమైనం, అన్నిటికన్నా ఖరీదైనది. తేనెటీగలు తమ ఒంట్లోంచి తీసి తుట్టె కట్టుకునే మైనం అది.

మీ జార్‌లో ఏది ఉందో లేబుల్ మీద చూడండి. లేబుల్ చిరిగిపోతే గోరుతో గీసి చూడండి. సోయా తెల్లగా, వెన్నలా మెత్తగా ఉంటుంది. పారఫిన్ కొంచెం గట్టిగా, వెలుతురు కొద్దిగా లోపలికి దిగేట్టు ఉంటుంది. తేనెమైనాన్ని వాసనే పట్టిస్తుంది. ఇది తెలుసుకోవడం దేనికంటే, జార్‌లలో పోసే సోయా, పారఫిన్ మైనాలు మెత్తని రకాలు, 50 డిగ్రీల అటూ ఇటూ కరుగుతాయి. తేనెమైనానికి 62 నుంచి 64 డిగ్రీలు కావాలి. సోయా, పారఫిన్ కలిపి కరిగించినా ఇబ్బంది లేదు, కంపెనీలే కలిపి అమ్ముతాయి. తేనెమైనం మాత్రం విడిగా ఉంచండి, దానికి వత్తి కూడా లావుది కావాలి. అద్దంలా పారదర్శకంగా ఉండే జెల్ కొవ్వొత్తులు అసలు మైనమే కావు, వాటిని ఇందులో కలపకండి.

మైనం పాతదైపోతే పనికొస్తుందా అని చాలామంది అడుగుతారు. కొవ్వొత్తిలో కాలేది ముద్ద మైనం కాదు. కరిగిన మైనాన్ని వత్తి పైకి పీల్చుకుంటుంది, మంట దగ్గర అది ఆవిరి అవుతుంది, ఆ ఆవిరి కాలుతుంది. ఇంట్లో ఒకసారి చేసి చూడండి. కొవ్వొత్తి ఆర్పగానే తెల్లటి పొగ లేస్తుంది కదా, ఆ పొగకి, వత్తికి రెండు మూడు సెంటీమీటర్ల పైన, వెలిగించిన అగ్గిపుల్ల చూపించండి. మంట పొగ మీదుగా కిందికి దూకి వత్తిని అంటుకుంటుంది. ఆ పొగ అంతా మైనం ఆవిరే. 1860లో క్రిస్మస్ సెలవుల్లో మైఖేల్ ఫారడే అనే శాస్త్రవేత్త లండన్‌లో పిల్లల ముందు ఇదే చేసి చూపించాడు. పిల్లలూ, మీరు మాత్రం పెద్దవాళ్లు పక్కనుంటేనే చేయాలి. అంటే ఆవిరై కాలినది వెళ్లిపోయింది, అడుగున ఉన్నది కరిగి మళ్లీ గట్టిపడింది, అంతే. వాసన కొంత తగ్గుతుంది, రంగు కొంచెం మారుతుంది, మసి కలుస్తుంది. మైనం మైనంగానే ఉంటుంది.

ఎంతుంటుంది, ఆ కాస్తకీ ఇంత శ్రమ ఎందుకని మా వారు అనేవారు. ఏడు సెంటీమీటర్ల వెడల్పున్న జార్‌లో ఒక సెంటీమీటరు మందం అంటే దాదాపు 35 గ్రాములు. ఆరు జార్లు కలిస్తే 200 గ్రాములు దాటుతుంది. అది నిండైన ఒక కొత్త కొవ్వొత్తి.

సరే, తీసే పద్ధతులు. చలికాలంలో కొబ్బరినూనె పేరుకుంటే ఏం చేస్తాం? సీసాని ఎండలోనో వేడినీళ్లలోనో పెడతాం. ఇదీ అంతే. ఇందాక నేను చేసిన పద్ధతి అందరికీ సులువు. మైనం నీటికన్నా తేలిక, కరిగినది కరిగినట్టు పైకి తేలుతుంది. చల్లారాక బిళ్లలా గట్టిపడుతుంది, అంచు మీద నొక్కితే ఊడి వస్తుంది. వచ్చిన బిళ్లని గుడ్డతో తుడిచి ఒక రోజు ఆరబెట్టండి. ఈ మాట తేలిగ్గా తీసుకోకండి. తడి ఉన్న మైనాన్ని కరిగించి పోస్తే ఆ కొవ్వొత్తి వెలిగించినప్పుడు చిటపటమంటుంది, మంట ఎగిరెగిరి పడుతుంది.

రెండో పద్ధతి ఫ్రీజర్. మూడు నాలుగు గంటలు ఉంచితే మైనం గాజుకన్నా ఎక్కువ కుంచించుకుపోయి గోడల నుంచి విడిపోతుంది. బోర్లించి అరచేత్తో అడుగున తడితే పడిపోతుంది. గట్టి పారఫిన్‌కి ఇది బాగా పనిచేస్తుంది. సోయా మెత్తనిది, ఒక్కోసారి గాజుని పట్టుకుని వదలదు. అప్పుడు చాకుతో గట్టిగా పొడవకండి, గాజు పెచ్చులు లేస్తుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన జార్‌లో వెంటనే వేడి నీళ్లు పోయకండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి ఇంకొకటి ఉంది. మాది నరసరావుపేట. పల్నాడు ఎండలు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు, రెంటచింతల పేరు ప్రతి వేసవిలో వార్తల్లో వింటూనే ఉంటారు. మే నెలలో పుట్టింటికి వెళ్లినప్పుడు జార్లన్నీ మూటగట్టి తీసుకెళ్తాను. డాబా మీద పాత ఇనుప రేకు పరిచి, జార్లు దాని మీద పెట్టి, పైన ఒక గాజు పలక కప్పుతాను. పది గంటలకు పెడితే మధ్యాహ్నం భోజనాల వేళకు మైనం నూనెలా అయి ఉంటుంది. గ్యాస్ లేదు, మంట లేదు, భయం లేదు. తేనెటీగలు పెంచేవాళ్లు తుట్టెల్లోంచి మైనం తీయడానికి వాడేది కూడా ఇలాంటి గాజు మూత ఉన్న పెట్టెనే. మనకి ఎండ దండిగా ఉంది. దాన్ని వాడుకోవడం నాకు ఎంతో తృప్తిగా ఉంటుంది. అప్పుడు కూడా జార్‌ని ఒట్టి చేత్తో తీయకండి, మసిగుడ్డతో పట్టుకోండి.

— అమ్మా, మైక్రోవేవ్‌లో నిమిషం పెడితే చాలని ఒక వీడియోలో చూశాను. పెట్టొచ్చా?

వద్దండి. మీరు అడగడం మంచిదైంది. వత్తి అడుగున చిన్న రేకు బిళ్ల ఉంటుంది, వత్తిని నిలబెట్టేది అదే. మైక్రోవేవ్‌లో లోహం ఉంటే నిప్పురవ్వలు వస్తాయి. కొన్ని వత్తుల లోపల సన్నని తీగ కూడా ఉంటుంది. అంతగా కావాలంటే ఓవెన్‌లో 80, 90 డిగ్రీల మీద ట్రేలో ఫాయిల్ పరిచి పెట్టండి, పక్కనే ఉండండి. మైనం కరిగాక ఆ రేకు బిళ్ల కింద జిగురు కూడా మెత్తబడుతుంది, చెంచా అంచుతో లేపితే వచ్చేస్తుంది. దాన్ని పారేయకండి, తుడిచి దాచుకోండి. కొత్త వత్తికి అదే పనికొస్తుంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం అందరూ వినాలి. నేను ఈ పని మొదలుపెట్టిన రెండో ఏడు. ఒక సాయంత్రం తొందరలో నీళ్ల గిన్నె పెట్టకుండా మైనం ఉన్న గిన్నెని నేరుగా స్టవ్ మీద పెట్టాను. ఫోన్ మోగింది, హాల్లోకి వెళ్లాను. వచ్చేసరికి గిన్నెలోంచి తెల్లగా పొగలు. నేను దగ్గరికి వెళ్తుండగానే భగ్గుమని మంట లేచింది. నా చెయ్యి తనంతట తాను పక్కనున్న నీళ్ల చెంబు మీదికి పోయింది. వెనక నుంచి మా అత్తగారు “నీళ్లు పోయకు!” అని అరిచారు. ఆవిడ పెద్ద పళ్లెం తీసుకుని గిన్నె మీద కప్పి, స్టవ్ కట్టేశారు. మంట ఆరిపోయింది. నూనె మూకుడు అంటుకుంటే నీళ్లు పోయకూడదని ఆవిడకి తెలుసు. ఆ రోజు ఆవిడ వంటింట్లో లేకపోతే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచించలేను.

నీళ్లు పోస్తే ఏమవుతుందంటే, మైనం తేలిక కాబట్టి నీళ్లు దాని కిందికి దిగుతాయి. కింద అంత వేడి ఉంటుంది కాబట్టి ఒక్క క్షణంలో ఆవిరైపోతాయి. ఆవిరి నీటికన్నా 1,700 రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఒక్క చెంచా నీళ్లు, అంటే 5 మిల్లీలీటర్లు, 8 లీటర్లకు పైగా ఆవిరి అవుతాయి. అది మండుతున్న మైనాన్ని మన ముఖం మీదికి చిమ్ముతుంది. కాబట్టి మూత పెట్టాలి, స్టవ్ కట్టేయాలి, గిన్నె చల్లారేదాకా మూత తీయకూడదు. గిన్నెని చేత్తో పట్టుకుని బయటికి పరిగెత్తకూడదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో మైనం ఎప్పుడూ నీళ్ల గిన్నెలో నిలబెట్టిన గిన్నెలోనే కరుగుతుంది. నీళ్లు 100 డిగ్రీలు దాటి వేడెక్కవు. పారఫిన్ ఆవిరి అంటుకోవాలంటే దాదాపు 200 డిగ్రీలు కావాలి. మధ్యలో ఉన్న ఆ నీళ్లే మనకి కాపలా. అయితే నీళ్లు ఇగిరిపోతే కాపలా పోయినట్టే, కాబట్టి కింద గిన్నె చూసుకుంటూ ఉండాలి. ఈ పని జరుగుతున్నంతసేపు ఫోన్ వంటింట్లోకి రాకూడదు. వేడి మైనం చేతి మీద పడితే ఇరవై నిమిషాలు కుళాయి కింద పెట్టండి. చర్మానికి అంటుకున్న మైనాన్ని పీకకండి, చర్మం కూడా వస్తుంది. బొబ్బ లేస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

సింక్‌లో ఒక్క చుక్క కూడా పోయకండి. వేడి నీళ్లతో పాటు పోతుంది కదా అనిపిస్తుంది. పైపు వంపు దగ్గరికి వెళ్లేసరికి చల్లారి అక్కడే గడ్డకడుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఒకసారి పైపు కోసి తీయాల్సి వచ్చింది. జార్ లోపల మిగిలిన పలచని పొరని వేడిగా ఉన్నప్పుడే పాత న్యూస్‌పేపర్‌తో తుడిచేసి, ఆ తర్వాతే సబ్బు పెట్టి కడగండి. లేబుల్ జిగురు పోకపోతే కాస్త కొబ్బరినూనె రాసి అరగంట వదలండి.

మళ్లీ కొవ్వొత్తి చేయడం గురించి చెబుతాను, ఇదే నాకు ప్రాణం. కరిగిన మైనాన్ని పాత పలచని గుడ్డలో వడకట్టండి, అగ్గిపుల్ల ముక్కలు, మసి గుడ్డలో ఉండిపోతాయి. వత్తి విషయంలో చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. మనం దీపారాధనకి పత్తితో చేసే వత్తి నూనెకి చక్కగా సరిపోతుంది, జార్ మైనానికి సరిపోదు. అల్లిన నూలు వత్తి కావాలి. 1825లో ఫ్రాన్స్‌లో కాంబసెరెస్ అనే ఆయన ఈ అల్లిక వత్తి తెచ్చాడు. అల్లిక వల్ల కాలే కొద్దీ దాని కొస పక్కకి వంగి, మంట అంచుకి చేరి, తనంతట తానే బూడిదైపోతుంది. అంతకు ముందు కొవ్వొత్తి దగ్గర కత్తెర పట్టుకుని మాటిమాటికీ వత్తి కత్తిరించాల్సి వచ్చేదట. ఈ అల్లిక వత్తులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో రకరకాల మందాల్లో దొరుకుతాయి.

వత్తిని ముందు కరిగిన మైనంలో ముంచండి. సన్నని బుడగలు వస్తాయి, లోపలి గాలి అది. బుడగలు ఆగాక తీసి, తిన్నగా లాగి ఆరనివ్వండి. పాత రేకు బిళ్లలో గుచ్చి జార్ మధ్యలో అతికించండి. పైన రెండు పుల్లల మధ్య వత్తి పట్టుకునేలా అడ్డంగా పెట్టండి. జార్‌ని కొంచెం వేడి చేసి, మైనం 60 డిగ్రీల దగ్గరికి వచ్చాక మెల్లగా పోయండి. పారఫిన్ అయితే చల్లారేటప్పుడు మధ్యలో గుంట పడుతుంది. కంగారు పడకండి, కొంచెం మైనం దాచి ఉంచి ఆ గుంటలో మళ్లీ పోయండి. సోయా మీద తెల్లగా పొగమంచులా పూత కనిపిస్తే అది బూజు కాదు, సోయా గుణమే అంత. కనీసం ఒక రోజు ఆగి వెలిగించండి. మంట రెండున్నర సెంటీమీటర్ల ఎత్తుకి మించి మసి వస్తుంటే వత్తి లావైంది. కరిగిన మైనంలో మునిగి ఆరిపోతుంటే సన్నదైంది. మొదటిసారే కుదరకపోవచ్చు. మళ్లీ కరిగించండి, మైనం ఏమీ అనుకోదు. గాజుకి గీత పడినా, నెర్రె కనిపించినా ఆ జార్‌లో మాత్రం పోయకండి.

— అక్కా, అన్ని వాసనలూ కలిపితే ఎలా ఉంటుంది?

బాగుండదమ్మా. మల్లె, కాఫీ, దాల్చినచెక్క కలిస్తే తల నొప్పి వస్తుంది. పూల వాసనలు ఒక డబ్బాలో, వనిల్లా లాంటి తీపి వాసనలు ఇంకో డబ్బాలో వేసుకో. రంగులు కూడా అంతే, అన్నీ కలిస్తే మట్టి రంగు వస్తుంది. పాత వాసన తగ్గిందని కొత్త సెంటు నూనె గుమ్మరించకు, ఎక్కువైతే మైనం పట్టుకోలేదు, పైకి నూనెలా కారుతుంది.

కొవ్వొత్తి పోసే ఓపిక లేని వాళ్లకి వత్తి లేకుండా వాడే దారి ఉంది. చిన్న ముక్కలుగా కోసి, కింద దీపం పెట్టే అరోమా బర్నర్ పళ్లెంలో వేయండి, వాసన గదంతా వస్తుంది. వాసన లేని ముక్కలుంటే బిగుసుకుపోయిన సొరుగు అంచులకి, సరిగ్గా జారని జిప్పుకి రుద్దండి. తోటపని చేసేవాళ్లు పారకి, కత్తెరకి పలచగా రుద్దితే వానాకాలంలో తుప్పు తగ్గుతుంది. చెప్పులు కుట్టే ఆయన దారాన్ని మైనం మీద లాగి కుట్టడం చూసే ఉంటారు. మా వీధి చివర ఆయనకి నేను వాసన లేని మైనం బిళ్లలు ఇస్తుంటాను, ఎంత సంతోషంగా తీసుకుంటారో.

ఖాళీ జార్లలో గుండీలు, పెన్నులు, దూది, చిల్లర వేసుకోండి. మనీ ప్లాంట్ కొమ్మ పెట్టండి. తినేవి, తాగేవి మాత్రం వద్దు. అది కొవ్వొత్తి కోసం చేసిన గాజు, లోపల సెంటు నూనె నెలల తరబడి ఉంది. అందులో కాఫీ పోసుకోవడం నాకు సమ్మతం కాదు.

ఇక మన జార్ చూద్దాం. పిల్లలూ, ఇటు రండి. అడుగున ఏమైనా ఉందా? గాజు కనిపిస్తోంది కదా. మైనమంతా పైకి వచ్చి నీళ్ల మీద పొరలా నిలబడింది. ఆ రేకు బిళ్ల ఒక్కటే కింద ఉంది. పైపొర ఇంకా ద్రవంగానే ఉంది, గట్టిపడాలంటే గంట పడుతుంది, ఇప్పుడు వేలు పెట్టకండి. ఇదిగో, పొద్దున ఇంట్లో ఇలాగే తీసిన బిళ్ల, ఇది చేతిలోకి తీసుకో నాన్నా. వాసన చూసి పక్కవాళ్లకి ఇవ్వు. మిగతావాళ్లు టీ తాగి రండి. ఈ లోపు ఇది కూడా గట్టిపడుతుంది, అందరం కలిసి తీద్దాం.